ఎడమ సీటులో బెరిల్

బెరిల్ విట్లాక్ జీవితంలో ఎక్కువ భాగం రెండు చోట్ల గడిచింది. ఒకటి గ్రేట్ పిన్నక్ బడి వంటగది, రెండోది మొగుడి కారులో ఎడమ సీటు. బడిలో ముప్ఫై ఏళ్లు బంగాళాదుంపలు ఉడికించి, మెదిపి, పిల్లల పళ్లాల్లో వడ్డించి, ఆ బడి మూతపడ్డాక ఇంటికొచ్చి కూర్చుంది. ఎడమ సీటుకి మాత్రం పదవీ విరమణ లేదు. పెళ్లయిన ఏడు మొదలుకొని యాభై ఒక్క ఏళ్లుగా ప్రతి శనివారం పొద్దున పదింటికి ఆమె అందులో ఎక్కి కూర్చోవడం, డెస్మండ్ కారు తీయడం, ఇద్దరూ పాత ఊళ్లు చూడడానికి బయల్దేరడం జరుగుతూనే ఉంది.

నిజానికి వాళ్లుండేదే పాత ఊరు. అక్కడి చర్చి కట్టి ఆరు వందల ఏళ్లు దాటింది. శనివారం వచ్చిందంటే లండన్ వైపు నుంచి జనం కార్లు వేసుకుని ఆ ఊరిని చూడడానికి వస్తారు. సరిగ్గా అదే సమయానికి ఆ ఊళ్లో ఉండేవాళ్లిద్దరు అచ్చం అలాంటిదే ఇంకో ఊరు చూడడానికి పోతుంటారు. ఆ ఊరివాళ్లు మరో ఊరికి పోతారు. ఎవరి ఊళ్లో వాళ్లుంటే బోలెడంత పెట్రోలు మిగిలేది కానీ, ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

గ్రేట్ పిన్నక్‌లో నలభై ఇళ్లుంటే, నాలుగు మైళ్ల అవతల లిటిల్ పిన్నక్‌లో రెండు వందలున్నాయి. పేర్లు తారుమారయ్యాయేమోనని ఇన్ని వందల ఏళ్లలో ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండదు. ఇళ్ల పేర్లూ అంతే. తేనెరంగు రాతిగోడకి 'పాత రొట్టెల బట్టీ' అని పలక ఉంటుంది, లోపల ఓ బ్యాంకు ఆఫీసరు ఉంటాడు, రొట్టె కావాలంటే తొమ్మిది మైళ్లు పోవాలి. 'పాత పోస్టాఫీసు' ఉంది, స్టాంపు దొరకదు. బెరిల్ ముప్ఫై ఏళ్లు వంట చేసిన చోటు ఇప్పుడు 'పాత బడి'. వేసవిలో అక్కడికి వచ్చి ఉండే జంట ఒకసారి ఆమెను లోపలికి పిలిచి, ఇక్కడ ఒకప్పుడు వంటగది ఉండేదట తెలుసా అని మర్యాదగా చెప్పారు. అవునా అని బెరిల్ ఆశ్చర్యపోయింది. తెలుసు అంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని.

ఆమె తత్వమే అంత. మొహమాటం. మా వైపు మొహమాటం లేనివాళ్లు లేరనుకోండి, ఉన్నవాళ్లలో కూడా బెరిల్‌ది పెద్ద పీట. మెలికల దారుల్లో ఆమెకు కడుపులో తిప్పుతుంది. మొదటి శనివారమే తిప్పింది. కొత్త మొగుడు ముచ్చటపడి తిప్పుతున్నాడు కదా అని ఓ పిప్పరమెంటు బిళ్ల నోట్లో వేసుకుని ఊరుకుంది. ఆ బిళ్లలు అప్పటినుంచీ డబ్బాలు డబ్బాలుగా వస్తూనే ఉన్నాయి.

డెస్మండ్ కౌంటీ రోడ్ల శాఖలో పనిచేశాడు. దారి పక్క కంచెల పొదలు కొట్టించడం, నాలుగు దారుల కూడళ్లలో ఊరిపేర్ల బోర్డులు పాతించడం ఆయన పని. ఆ చుట్టుపక్కల ముప్ఫై మైళ్లలో ఏ మలుపు తర్వాత ఏ మలుపో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మనిషి మంచివాడే కానీ కారులో కూర్చుంటే కాస్త దొరతనం వస్తుంది. దారి ఎవరినీ అడగడు. మలుపుల్లో మాట్లాడితే ఊరుకోడు. "ఏమోయ్, దారి చూసుకోనిస్తావా లేదా?" అనేవాడు. బెరిల్ నోరు మూసుకుని బిళ్ల చప్పరించేది.

అక్కడి దారులు ఒక్క బండి పట్టేంతవి. ఎదురుగా ఇంకో బండి వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోయి, కంచె పక్కన ఒదిగేంత చోటు చూసుకుని ఆగాలి. రెండోవాళ్లు దాటిపోతూ స్టీరింగు మీది నుంచి ఒక్క వేలు పైకెత్తాలి. చెయ్యంతా ఊపితే అతి, అసలు ఎత్తకపోతే ఆ మనిషి పేరు సాయంత్రానికి నాలుగూళ్లలో పాకుతుంది. డెస్మండ్ ఎప్పుడూ తనే వెనక్కి పోయేవాడు. ఒకసారి అవతలివాడు కూడా అలాంటివాడే తగిలితే ఇద్దరూ చెరో వైపు వెనక్కి పోయి, కనబడనంత దూరాన ఆగి, ఒకరి కోసం ఒకరు పావుగంట కాచుకున్నారు.

రెండేళ్ల కిందట, ఓ శనివారం, కంచె పక్కన పడేసి ఉన్న నీళ్ల తొట్టికి డెస్మండ్ వేలెత్తాడు. బెరిల్ చూసింది. సరదాకేమో అనుకుంది. రెండు వారాల తర్వాత చెత్తబుట్ట కోసం కారు వెనక్కి తీసి దారిచ్చాడు. అప్పుడు ఆమెకు సంగతి అర్థమైంది. ఆ రోజే, ఏమీ ఎరగనట్టు, కిటికీలోంచి చూస్తూ తనలో తను చదువుకున్నట్టు పైకి చదివింది. "స్వెల్‌కోంబ్, రెండు మైళ్లు. అబ్బ, ఎర్ర వ్యాను ఎంత వేగంగా వస్తోందో చూడు." డెస్మండ్ పక్కకి తప్పుకున్నాడు. దారి చూసుకోనిస్తావా అనలేదు. అన్నేళ్లలో మొదటిసారి ఆమె మలుపులో మాట్లాడితే ఆయన ఊరుకున్నాడు.

ఇక అప్పటినుంచి బెరిల్‌కి నోరు మూతపడే పని లేకపోయింది. గుర్రం మీద పిల్ల వస్తోందనీ, ట్రాక్టరు ఆగి ఉందనీ, లైటు ఎంత ఎర్రగా ఉందో చూడమనీ వాగుతూనే ఉండేది. చూసేవాళ్లు ముసలావిడకి చాదస్తం వచ్చిందనుకునేవాళ్లు. ఆమె చెబుతోందని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే కారు పోతుంది. వాళ్ల ఊరికి బస్సు మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ఆయన రేడియో ఆయనది, ఆమె అల్లిక ఆమెది. ఇద్దరూ కలిసి ఉండేది ఆ శనివారం నాలుగు గంటలే. కడుపులో తిప్పినా సరే, అది పోగొట్టుకోవడం బెరిల్‌కి ఇష్టం లేదు. అలాగని ఏ పిల్లనో గుద్దితే తన గతేమిటని వారమంతా కుమిలిపోయేది.

జూలైలో డెస్మండ్‌కి డెబ్బై తొమ్మిది నిండుతాయి. డెబ్బై దాటినవాళ్లకి మూడేళ్లకోసారి లైసెన్సు కాగితం వస్తుంది. అందులో సర్కారు మర్యాదగా అడుగుతుంది, మీకు కళ్లు బాగా కనిపిస్తున్నాయా అని. మనం కనిపిస్తున్నాయని టిక్కు పెట్టి పంపిస్తే సర్కారు నమ్ముతుంది. పెద్దమనుషుల దేశం కదా, గుడ్డివాడి మాట కూడా కాదనరు. ఆ కాగితం మే నెలలో వచ్చి గడియారం వెనక చేరింది. శనివారం తర్వాత చూస్తానన్నాడు డెస్మండ్. ఈ శనివారం కారులో చెప్పేయాలని బెరిల్ గట్టిగా అనుకుంది. కారులో అయితే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు.

గుడ్డూ ఆకుకూరా పెట్టిన శాండ్‌విచ్‌లూ, ఫ్లాస్కులో టీ, మోకాళ్ల మీదికి దుప్పటీ తీసుకుని పదింటికి బయల్దేరారు. నాలుగు మైళ్లూ ఆమె మాట పెదవుల దాకా వచ్చి వెనక్కి పోయింది. లిటిల్ పిన్నక్ మొదట్లో డెస్మండ్ కారు ఆపాడు.

దారి అంచున ఓ పెద్దావిడ నిలబడి ఉంది. నీలం కోటు, పూల టోపీ, చేతిలో బుట్ట. డెస్మండ్ చెయ్యి ఊపి దాటమన్నాడు. ఆవిడ దాటలేదు. పెద్దవాళ్లు, భయపడుతున్నారేమో అన్నాడు. ఇంకోసారి ఊపాడు.

బెరిల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆ శని ఆదివారాలు లిటిల్ పిన్నక్‌లో గడ్డిబొమ్మల పండగ. చేలో పిట్టల్ని తోలే దిష్టిబొమ్మలు ఉంటాయే, అలాంటివి ఇంటింటివాళ్లూ చేసి, బట్టలు తొడిగి, దారి పొడవునా నిలబెడతారు. నీలం కోటు పెద్దావిడ తల పూలకుండీ. ముక్కు క్యారెట్టు.

చెప్పాలనుకున్న మాట చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. బెరిల్ ఇంకో బిళ్ల నోట్లో వేసుకుంది. ఒక్క ముక్క, అది గడ్డి అంటే చాలు, రెండేళ్ల నాటకం అక్కడికక్కడ కూలిపోతుంది. వెనక ఓ కారు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే ఏడు కార్లయ్యాయి. ఒక్కరు హారను కొడితే ఒట్టు. ముందున్నవాళ్లు ఆగారంటే ఏదో కారణం ఉంటుందని అందరూ గౌరవంగా కూర్చున్నారు. డెస్మండ్ మూడోసారి చెయ్యి ఊపి, "పర్లేదమ్మా, నిదానంగా రండి" అన్నాడు.

నాలుగు నిమిషాల తర్వాత వెనక కారులోంచి ఒకాయన దిగి వచ్చి కిటికీ దగ్గర వంగాడు.

"క్షమించాలి సార్, తొందరేం లేదు, ఊరికే అడుగుతున్నా. ఆ పెద్దావిడ ఇవాళ దాటేలా లేదండీ. తల పూలకుండీ కదా."

డెస్మండ్ పెద్దగా నవ్వాడు.

"తెలుసండీ. మా ఆవిడ చూస్తానంటే ఆపాను."

ఇద్దరూ బెరిల్ వైపు తిరిగారు. పొద్దుటినుంచీ నిజం చెప్పాలని గుండె దిటవు చేసుకున్న మనిషి, "అవునండీ, టోపీ ఎంత బావుందో" అంది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్కడినుంచి డెస్మండ్‌కి పౌరుషం వచ్చింది. మళ్లీ ఎవరూ నవ్వకూడదు. గడ్డి పోస్టుమాను దగ్గర ఆగలేదు, గడ్డి పెళ్లికూతురి దగ్గర ఆగలేదు. ఒక్కొక్కదాన్ని దాటుతూ, ఇదీ గడ్డే, అదీ గడ్డే అని తనే బెరిల్‌కి చెబుతూ పోయాడు. చర్చి మలుపు తిరగగానే దారి మీదే ఇంకోటి కనిపించింది. గడ్డిటోపీ, పాత చొక్కా, అటు తిరిగి వంగి ఉంది.

"నడిరోడ్డు మీద పెట్టారు చూడు, బుద్ధి లేకపోతే సరి" అన్నాడు డెస్మండ్. కారు నెమ్మదించలేదు.

ఆ బొమ్మ, తన పక్కనున్న గడ్డి పోలీసుకి పంట్లాం సర్దుతోంది.

బెరిల్ చేతిబ్రేకు లాగింది. యాభై ఒక్క ఏళ్లలో ఆ కారులో ఆమె చెయ్యి పిప్పరమెంటు డబ్బా దాటి అవతలికి పోవడం అదే మొదలు. కారు కీచుమని ఒరిగి, ఆ మనిషికి జానెడు దూరంలో ఆగింది. ఫ్లాస్కు దొర్లి టీ అంతా దుప్పటి మీద పోయింది. గడ్డిటోపీ ఇటు తిరిగింది. అరవై ఏళ్ల ఆడమనిషి. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది.

"అయ్యో, క్షమించండి" అందావిడ. "దారికి అడ్డంగా నిలబడ్డాను. తప్పు నాదే."

కాదు నాదే అన్నాడు డెస్మండ్. కాదండీ నేను చూసుకోవాల్సింది అందావిడ. ఇంకో రెండు సార్లు అటూ ఇటూ అయితే అంతా సర్దుకుని, ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లే. బెరిల్‌కి ఒళ్లు మండింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. తలుపు తీసుకుని దిగింది.

"తప్పు మీది కాదు. మా ఆయనకి కళ్లు కనబడవు."

"మా ఆయనకీ అంతేలెండి" అందావిడ మొహమాటంగా. "అద్దాలు ఎక్కడ పెడతారో—"

"అలా కాదండీ. నిజంగానే కనబడవు. రెండేళ్లయింది. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు."

కారులో డెస్మండ్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తాళం తిప్పి ఇంజను ఆపాడు.

ఆవిడ పేరు హిలరీ. బెరిల్‌కి కారు నడపడం రాదు కాబట్టి హిలరీయే వాళ్ల కారు తోలుకుంటూ ఇంటికి దింపింది, ఆమె మొగుడు తమ కారులో వెనకాల వచ్చాడు. నాలుగు మైళ్లూ హిలరీ క్షమాపణలు చెబుతూనే ఉంది. డెస్మండ్ వెనక సీటులో కూర్చున్నాడు. ఆయన తన కారు వెనక సీటు ఎలా ఉంటుందో అప్పుడే చూశాడు, చూశాడని అనగలిగితే.

సాయంత్రం బెరిల్ గడియారం వెనక నుంచి కాగితం తీసి, వంటింటి బల్ల మీద పెట్టి ఆయనకు ఎదురుగా కూర్చుంది. చదవమని ఆయన అడగలేదు, ఆమే చదివింది. కళ్ల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఏం రాయమంటావు డెస్?"

"నువ్వేమంటావు?"

దారి గురించి గానీ కారు గురించి గానీ ఆయన ఆమెను అడిగి, బదులు కోసం ఆగడం అదే మొదటిసారి. లేదని రాస్తానంది. రాయమన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది.

"నువ్వు చెప్పలేదని."

"నేను చెబితే నీకు బాధని ఊరుకున్నా."

"నేనూ అంతే" అని లేచి, కవరు తనే అతికించి, తడుముకుంటూ ఎర్ర పోస్టు డబ్బా దాకా నడిచి వేసొచ్చాడు. ఆ రాత్రి ఆయన కళ్లకు ఏమయిందో మొదటిసారి చెప్పుకున్నారు. చుట్టూ కనిపిస్తుందట, నడిమధ్యనే ఓ మసక మచ్చ కూర్చుందట. దేన్ని చూడాలనుకుంటే అదే పోతుందట. డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడట. ఒక్కడే వెళ్లి చూపించుకున్నాడన్నమాట. దాచాడని ఆమెకు కోపం వచ్చింది, తనూ దాచింది కదా అని తగ్గింది.

బెరిల్ ఆలస్యం చేయలేదు. కారు కళ్లెదుట ఉంటే మనసు మారుతుందని సోమవారమే పట్నంలో పాత కార్లు కొనే మనిషికి ఫోన్ చేసింది. పై సోమవారం వచ్చి తీసుకుపోతానన్నాడు. డెస్మండ్‌తో చెబితే సరేనన్నాడు. వారమంతా రేడియో రేడియోదే, అల్లిక అల్లికదే.

శనివారం పొద్దున పదింటికి బెరిల్ వంటింట్లో ఉండగా ముందు తలుపు చప్పుడయింది. కిటికీలోంచి చూస్తే డెస్మండ్ కోటు వేసుకుని కారులో కుడి సీటులో కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో గిన్నె అక్కడే పడేసి పరిగెత్తింది. తాళం చెవి గోడ కొక్కేనికే ఉందని గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

"ఏమిటిది డెస్? దిగు."

"కూర్చో ఓసారి."

కూర్చుంది. తలుపు వేసుకోమన్నాడు, వేసుకుంది. ఎదురుగా షెడ్డు తలుపు, దాని మీద ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతోంది. దాన్ని చూస్తూనే ఆయన, ఇన్నేళ్లలో ఆమెకు బాగా నచ్చిన ఊరేదని అడిగాడు. ఇక అబద్ధం చెప్పే ఓపిక బెరిల్‌కి లేకపోయింది. ఏదీ నచ్చలేదంది. మలుపుల్లో కడుపులో తిప్పేదంది. సముద్రం చూడాలని ఉండేదంది.

"మరి చెప్పొచ్చుగా! ప్రతి శనివారం ఎక్కడికి పోదామని అడిగేవాణ్ణిగా."

"గేరు వేసి అడిగేవాడివి."

డెస్మండ్ నవ్వాడు. తనకీ ఆ ఊళ్లంటే పెద్ద మోజు లేదన్నాడు. వారమంతా ఆ దారుల వెంటే తిరిగేవాడు, శనివారం కూడా అవే. నీకిష్టమని తిప్పాను అన్నాడు. ఇద్దరికీ ఇష్టం లేని పనిని యాభై ఒక్క ఏళ్లు ఒకరి కోసం ఒకరు చేశారని తేలాక ఏడవాలో నవ్వాలో బెరిల్‌కి తెలియలేదు.

"మరి ఈ రెండేళ్లు?" అంది చివరికి. "కళ్లు పోయాక కూడా ఎందుకు తిప్పావు? ఒకళ్లని చంపేవాళ్లం."

డెస్మండ్ తల తిప్పలేదు. షెడ్డు తలుపునే చూస్తూ అన్నాడు.

"బల్ల దగ్గర ఎదురుగా కూర్చుంటావు చూడు, అప్పుడు నీ మొహం ఉండదోయ్. జుట్టుంటుంది, భుజాలుంటాయి. మొహం ఉన్నచోట ఏమీ ఉండదు. ఇక్కడ కూర్చుని ముందుకి చూస్తుంటే, ఇటు పక్క మూలన, కొంచెం కనిపిస్తావు. ఇప్పుడు కనిపిస్తున్నావు."

బెరిల్ కదలకుండా కూర్చుంది. కళ్లు తుడుచుకుంటే చెయ్యి అడ్డం వస్తుందని తుడుచుకోలేదు. ఒంటిగంట దాకా అలాగే కూర్చున్నారు. దారిన పోయే నలుగురు ఆగిన కారులో కూర్చున్న ఇద్దర్ని చూసి, ఏమీ అడగకుండా తలూపి వెళ్లిపోయారు.

లోపలికి వచ్చాక ఆమె కార్లు కొనే మనిషికి ఫోన్ చేసి, సోమవారం రావద్దంది. అమ్మడం లేదా, పాడైందా అని అడిగాడతను.

"లేదండీ, బాగానే ఉంది" అంది బెరిల్. "మేం వాడుకుంటున్నాం."